రాలిన చుక్కకు సాక్షులు



బందరు, గుడివాడ, దివిసీమల పల్లెలలో రాత్రివేళ ఆరుబయట కూర్చుండు పెద్దలకు చుక్క తెగిపడుట క్రొత్త సంగతి కాదు. ఱెప్పపాటులో సన్నని గీత గీచి మాయమగు చుక్కను ఎవరును లెక్కకు తీసికొనరు. కాని ఎన్నడో యొకనాడు వేఱొక వింత జరుగును. ఎవరో కాగడా వెలిగించి మింటికడ్డముగా విసరినట్లు ఒక అగ్నిగోళము బయలుదేరును. వరిచేలు, తాటితోపులు, కాలువనీళ్లు వెన్నెలను మించిన వెలుగులో కనబడును. మనుష్యుల నీడలు నేలపై పరుగెత్తును. గోళము పచ్చగానో ఎఱ్ఱగానో మండి, తునకలై, నాలుగైదు క్షణములలో ఆఱిపోవును. కుక్కలు మొఱుగును. ఇండ్లలోనివారు వీథిలోనికి వత్తురు. అప్పుడందఱును పెద్దలవైపు తిరిగి, "ఏమిటది? మంచికా, చెడుకా?" అని యడుగుదురు.

నేటి నా ప్రసంగము ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన పెద్దలకొఱకు. అట్టి వేళ మీరు పలుకు మాటకు విలువ యధికము. దానినిబట్టి కొందఱు ధైర్యము తెచ్చుకొందురు, కొందఱు భయపడుదురు, కొందఱు ధనము పోగొట్టుకొందురు. కావున ఏమి చెప్పవలెనో, ఏమి చెప్పకూడదో ముందుగానే విచారించుకొనుట మంచిది. నేను ఖగోళశాస్త్రజ్ఞుడను కాను. బాలురకు తెలుగును సంస్కృతమును బోధించుచు, చీకటిరాత్రులందు వారిని బడిముంగిటికి పిలిచి నక్షత్రములను చూపుట అలవాటు చేసికొన్నవాడను. ఆకాశమును ప్రీతితో చూచుటకు పట్టములతో పనిలేదు.

మన పూర్వులు ఈ విషయమును ఉపేక్షింపలేదు. క్రీస్తుశకము 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో ఉల్కాలక్షణమునకై ఒక అధ్యాయమునే వ్రాసెను. ఆకాశమునుండి రాలువానిని ధిష్ణ్య, ఉల్క, అశని, విద్యుత్తు, తార యని ఐదు విధములుగా విభజించెను. చిన్న తోకతో నిప్పుకణికవలె కొంతదూరము పోవునది ధిష్ణ్య. సన్నని దారమువలె సాగిపోవునది తార. గొప్ప శబ్దముతో తిరుగుచు వచ్చి, జనులపైననో పశువులపైననో చెట్లపైననో పడి నేలను చీల్చునది అశని. ఇంత సూక్ష్మముగా వ్రాయుటకు ఎందఱో కన్నులార చూచి చెప్పియుండవలెను.

అయితే ఆ యధ్యాయమున రెండు భాగములున్నవి. ఆకారము, పొడవు, రంగు, శబ్దము చెప్పునది లక్షణభాగము. ఇన్ని దినములకు ఫలమిచ్చునని, ఇట్టిది రాజునకు కీడని, అట్టిది సేనకు కీడని చెప్పునది ఫలభాగము. లక్షణభాగమును నేడును మన కంటితో సరిచూచుకొనవచ్చును, చాలవఱకు సరిపోవును. ఫలభాగము అట్లు సరిచూచుటకు నిలువదు. ఏలయన, భూమిపై ఎక్కడనో యొకచోట ప్రతిదినమును పెద్ద ఉల్క కనబడుచునే యుండును; ఎక్కడనో యొకచోట ప్రతిదినమును కీడు జరుగుచునే యుండును. ఈ రెంటిని ముడివేయుట కాకతాళీయన్యాయము. కాకి వ్రాలినప్పుడే తాటిపండు పడినను, పండును పడవేసినది కాకి కాదు.

ఇక ఉల్క యననేమో చూతము. రాలునది నక్షత్రము కాదు. నక్షత్రములు సూర్యునివంటి మహాగోళములు. వానిలో ఒక్కటి మన చేరువకు వచ్చినను భూమి మిగులదు. సూర్యునిచుట్టు గ్రహములతోపాటు లెక్కలేనన్ని రాళ్లును, తోకచుక్కలు విడిచిన ధూళియు తిరుగుచున్నవి. భూమి సెకనునకు సుమారు 30 కిలోమీటర్ల వేగముతో తన దారిని పోవుచుండగా ఇవి ఎదురుపడును. అవి మన వాయుమండలమును చొచ్చు వేగము సెకనునకు 11 మొదలు 72 కిలోమీటర్ల వఱకు ఉండును. ఆ వేగమునకు ముందున్న గాలి నలిగి మిక్కిలి వేడెక్కును. ఆ వేడికి రాయి కరగి వెలుగును. సామాన్యముగా మనము చూచు రాలుచుక్క ఇసుకరేణువంతయో, కందిగింజంతయో ఉండును. అది ఇంచుమించు 100 కిలోమీటర్ల యెత్తున వెలుగ నారంభించి అక్కడక్కడనే భస్మమగును. ఇంకను పెద్దదైనచో శుక్రునికంటె ప్రకాశవంతమై అగ్నిగోళమనిపించుకొనును.

దివిసీమవారు నన్నొక మాట అడుగవచ్చును. "పంతులుగారూ, చుక్కలు విరివిగా రాలిన యేడు ఉప్పెన వచ్చునని మా తాతలు చెప్పిరి. అది వట్టిమాటయా?" ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పదివేలమంది మడిసిరి. 1977 నవంబరు 19న దివిసీమ పాడయిన సంగతి చెప్పనక్కఱలేదు. ఆ రాత్రి తమవారిని పోగొట్టుకొన్నవారు ఇంకను మన మధ్య నున్నారు. ఇట్టి తీరమున కాపురమున్నవారు ఆకాశమున గుఱుతులు వెదకుట సహజము.

కాని కొంచెము నిదానించి చూడుడు. ఆ రెండు ఉప్పెనలును వచ్చినది కార్తికమాసముననే. బంగాళాఖాతమున గాలివానలు బలపడు కాలమది. ఆ దినములలోనే భూమి ప్రతిసంవత్సరము రెండు ధూళిప్రవాహములను దాటును. ఒకటి వృషభరాశివైపునుండి వచ్చునట్లు కనబడును. దానిలో మెల్లగా సాగు పెద్ద అగ్నిగోళములు తఱచుగా నుండును. రెండవది సింహరాశివైపునుండి నవంబరు 17 ప్రాంతమున కనబడును. చుక్కలు రాలుటయు, గాలివానలు పుట్టుటయు ఒకే ఋతువున జరుగుచున్నందున తాతలకు ఆ రెంటికి సంబంధమున్నట్లు తోచెను. వారు చూచినది నిజము. ముడివేసినది మాత్రమే తప్పు. ఉప్పెన రాని యేండ్లలో కూడ కార్తికమున చుక్కలు రాలుచునే యున్నవి. గాలివాన మేఘములు ఎంత పెరిగినను పదునైదు ఇరువది కిలోమీటర్ల యెత్తునకు మించవు. ఉల్క దానికి చాల పైననే వెలిగి ఆఱిపోవును. దానికి గాలివార్త తెలియదు. తుపాను వార్తకు వాతావరణశాఖవారి హెచ్చరికను వినుడు. అది వినబడినప్పుడు ఆలసింపక కదలుడు.

తప్పు ఫలము చెప్పుటవలన కలుగు నష్టము చిన్నది కాదు. నేనెఱిగిన యొక పల్లెలో రైతుబిడ్డ కొకతెకు పెండ్లి కుదిరెను. తాంబూలములు పుచ్చుకొన్న రెండవనాటి రాత్రి పెద్ద ఉల్క యొకటి ఊరిమీదుగా పోయెను. అరుగుమీది పెద్ద యొకరు "ఇది ఈ సంబంధమునకు వచ్చిన కీడు" అని ఒక్కమాట అనిరి. మగపెండ్లివారు వెనుకకు తగ్గిరి. ఆ తండ్రి శాంతులకని అప్పుచేసెను. ఆ పిల్లకు మఱి మూడేండ్లవఱకు సంబంధము కుదరలేదు. ఆ ఉల్క పోయిన సమయమునే చుట్టుప్రక్కల నూఱు గ్రామములవారు దానిని చూచియుందురు. ఆ గ్రామములన్నిటిని విడిచి అది ఈ పిల్లనే యేల ఎన్నుకొనును? ఈ ప్రశ్న ఆ అరుగుమీద ఒక్కరు వేసియుండినను ఆ యింటికి ఆ కష్టము తప్పియుండును.

మఱి పెద్దలు ఏమి చేయవలెను? నా మనవి ఒక్కటే. ఫలము చెప్పువారుగా కాక సాక్షులుగా నిలువుడు. మన తార్కికులు ప్రత్యక్షము, అనుమానము, ఆప్తవాక్యము అని ప్రమాణములను చెప్పిరి. ఉన్నది ఉన్నట్లు పలుకువాడే ఆప్తుడు. ఉల్కలను గుఱించి లోకమునకు తెలిసిన జ్ఞానమంతయు ఇట్టి ఆప్తుల మాటపైననే మొదట నిలిచినది.

ఐరోపాఖండమున 18వ శతాబ్దివఱకు విద్వాంసులు ఆకాశమునుండి రాళ్లు పడునని నమ్మలేదు. 1768లో ఫ్రాన్సుదేశమున లూసె యను ఊర రాయి పడినదని పల్లెవారు చెప్పగా, పండితులు దానిని పరీక్షించి, అది నేలపైనున్న రాయియే, పిడుగు సోకినదని తేల్చిరి. 1794లో జర్మనుదేశపు పండితుడు క్లాడ్ని దీనికి ఎదురు చెప్పెను. ఆయన న్యాయశాస్త్రము కూడ చదివినవాడు. వేర్వేఱు దేశములలో, వేర్వేఱు కాలములలో, ఒకరినొకరు ఎఱుగని పామరులు చెప్పిన మాటలన్నియు ఒక్కతీరుగా నుండుట గమనించి, ఇందఱి సాక్ష్యము అబద్ధము కానేరదని వాదించెను. పలువురు నవ్విరి.

ఆ నవ్వు ఆగుటకు కారణమైన సంఘటనలలో ఒకటి మన దేశముననే జరిగెను. 1798 డిసెంబరు 19న కాశీక్షేత్రమునకు చేరువనున్న క్రాఖత్ గ్రామమున రాత్రి ఎనిమిదిగంటల వేళ అగ్నిగోళము కనబడి, ఉఱుమువంటి ధ్వని వినబడి, రాళ్లు పడెను. ఒక రాయి కావలివాని గుడిసె కప్పును దూసికొని లోపలి నేలలో దిగబడెను. ఆ రాళ్లు లండనునకు చేరెను. హవర్డు అను రసాయనవేత్త వానిని ఇతరదేశముల రాళ్లతో పోల్చి, అన్నిటిలోని లోహమున నికెలు కలిసియున్నదని 1802లో ప్రకటించెను. మఱుసటియేడు, 1803 ఏప్రిలు 26న ఫ్రాన్సులోని లేగ్ల్ పట్టణము చెంత వేలకొలది రాళ్లు కురియగా బియో యను పండితుడు ఊరూర తిరిగి రైతులను విచారించి సంగతి స్థిరపఱచెను. పండితులు కాదన్న దానిని కావలివాండ్రును కర్షకులును నిజమని నిలిపిరి.

మన తెలుగునేలపైనను ఇట్టివి పడినవి. 1814లో గుఱ్ఱంకొండ ప్రాంతమునను, 1852 జనవరి 23న నెల్లూరుసీమలోని యాటూరునను, 1870 జనవరి 23న నాటి విశాఖపట్టణము జిల్లాలోని నెడగొల్లునను, 1934లో తిరుపతియందును పడినట్లు ఉల్కాశిలల పట్టికలలో నున్నది. నెడగొల్లున పడినది రాయి కాదు, ఇనుపముద్ద. నాలుగున్నర కిలోగ్రాముల పైచిలుకు తూగినది. పడుచుండగా చూడబడిన ఇనుపముద్దలు ప్రపంచమున చాల అరుదు. యాటూరునకును నెడగొల్లునకును తేది ఒక్కటే యగుట చూచి, జనవరి 23 చెడ్డదినమని ఎవరైన ననవచ్చును. ఆ రెంటి నడుమ పదునెనిమిది జనవరులు గడచినవని మఱువరాదు.

బందరు ఆకాశమునకును శాస్త్రచరిత్రలో చోటున్నది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణసూర్యగ్రహణమును చూచుటకు మద్రాసు నక్షత్రశాలాధిపతి పోగ్సన్ మచిలీపట్టణమునకే వచ్చెను. విశాఖపట్టణమున గొడే వెంకట జగ్గారావుగారు 1840లో స్వంతముగా నక్షత్రశాల నెలకొల్పిరి. వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874లో శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా పోవుటను అచటినుండి గమనించిరి. జీతమునకు కాక జిజ్ఞాసకై ఆకాశమును చూచినవారు మనలో పూర్వమునుండి గలరు.

ఇక సాక్ష్యము ఎట్లు ఉపయోగపడునో ఒక ఉదాహరణమువలన చెప్పెదను. ఒక రాత్రి అగ్నిగోళము బందరువారికి సరిగా నడినెత్తిన ఆఱిపోయినదనుకొందము. బందరువాడు "మంగినపూడి కావల సముద్రమున పడెను" అనును. గుడివాడవాడు "కౌతరము చేలలో పడెను" అనును. అవనిగడ్డవాడు "ఏటికావలి పొలములలో పడెను" అనును. ముగ్గురును అబద్ధమాడలేదు. దిక్కు సరిగా చెప్పిరి. దూరమును మాత్రము కన్ను మోసపుచ్చినది. చీకటిలో మండు వస్తువు ఎంత పెద్దదో తెలియదు గనుక ఎంత దూరముననున్నదో కంటికి తెలియదు.

గుడివాడవాడు దూరము విడిచి, "దక్షిణాగ్నేయముగా, నేలకును నడినెత్తికిని సరిగా సగమున ఆఱిపోయెను" అని చెప్పినచో పని తీఱును. తాటిచెట్టునుండి మెల్లగా వెనుకకు నడచుచు, దాని మొవ్వ మన చూపునకు నేలకును నడినెత్తికిని సగమునకు వచ్చినచోట ఆగినయెడల, చెట్టు మన కంటికి ఎంత యెత్తో మనము చెట్టునకు అంత దూరమున నుందుము. గుడివాడకు బందరు సూటిగా సుమారు 32 కిలోమీటర్లు. కావున ఆ ఉల్క ఆఱిపోయిన యెత్తును 32 కిలోమీటర్లే. ఇద్దఱు పల్లెటూరి పెద్దల మాటతో, యంత్రము లేకుండ, ఆకాశపు టెత్తు కొలువబడినది. మూడవవాడగు అవనిగడ్డవాడు ఈశాన్యముగా, సగముకంటె కొంచెము పైన చూచితినన్నచో లెక్క దృఢపడును. ప్రత్యక్షమునుండి అనుమానము పుట్టుట యనగా నిదియే.

ఈ లెక్కలో ప్రాణరక్షణ కూడ నున్నది. వెలుగు వెంటనే కనబడును. ధ్వని ఆలస్యముగా వచ్చును. 32 కిలోమీటర్లు దిగివచ్చుటకు ధ్వనికి ఇంచుమించు నూఱు సెకనులు, అనగా మన లెక్కలో నాలుగు విఘడియలకు పైన పట్టును. 2013 ఫిబ్రవరి 15న రష్యాదేశపు చెల్యాబిన్స్కు నగరమున ఉదయవేళ సుమారు 20 మీటర్ల రాయి యొకటి 30 కిలోమీటర్ల యెత్తున పగిలెను. వెలుగును చూచి జనులు కిటికీలకడకు పరుగెత్తి, ఏమది యని చూచుచు నిలిచిరి. కొంతసేపటికి వాయుఘాతము వచ్చి అద్దములు పగిలెను. ఇంచుమించు 1,500 మంది గాయపడిరి. ఎక్కువమందికి అద్దపు పెంకులవలననే. దైవికముగా ఎవరును చనిపోలేదు. కావున మిక్కిలి పెద్ద వెలుగు కనబడినచో పిల్లలను కిటికీలకును అద్దములకును దూరముగా కూర్చుండబెట్టి, అయిదు నిమిషములు ఆగుడు. అట్టిది మన తరమున మన ఊరిపై వచ్చుట అరుదు; తెలిసియుండుట బరువు కాదు.

రాయి దొరకినచో ఏమి చేయవలెను? మన కృష్ణలంకలు ఒండ్రుమట్టితో ఏర్పడినవి. చేలలో సహజముగా రాళ్లుండవు. ఉల్క పోయిన మఱునాడు చేనిలో నల్లని పలుచని పెంకు కప్పినట్లున్న బరువైన రాయి కనబడినచో అది విచారింపదగినది. దానిని నిప్పులో వేయకుడు, పగులగొట్టకుడు, గుడిసెలు తగులబెట్టునని జడియకుడు. చిన్నరాళ్లు చివరి పది ఇరువది కిలోమీటర్లు వెలుగు లేకయే మామూలు రాళ్లవలె పడును. నేలకు చేరునప్పటికి మండుచుండవు. పొడిగుడ్డలో చుట్టి, దొరకినచోటును వ్రాసి, తహసీలుదారు ద్వారా భారత భూవిజ్ఞాన సర్వేక్షణసంస్థకు తెలుపుడు.

మఱియొక హెచ్చరిక. నేడు ఆకాశమున మనుష్యులు పంపిన వస్తువులును మండిపడుచున్నవి. 2022 ఏప్రిలు 2న మహారాష్ట్రమున జనులు ఉల్కలని తలచినది చీనాదేశపు రాకెట్టు శకలము. చంద్రపూరుజిల్లాలో పెద్ద లోహపుటుంగరము నేలపై పడినది. నిజమైన ఉల్క కొన్ని సెకనులలో ముగియును. ఒక నిమిషము వఱకు మెల్లగా, తునకలు బారుతీరి పోవునది సామాన్యముగా మనుష్యనిర్మితము.

కావున ఇకమీదట మీ యూర పెద్ద ఉల్క కనబడినచో మొదట గడియారము చూచుకొనుడు. నిలిచినచోటు విడువక, ఏ చెట్టుమీదుగా మొదలై ఏ యింటి కొప్పుమీద ఆఱిపోయినదో గుఱుతుపెట్టుకొనుడు. చేయిచాచి పిడికిలి బిగించినచో ఆ పిడికిలి వెడల్పు ఇంచుమించు పది అంశలు. నేలనుండి ఎన్ని పిడికిళ్ల యెత్తో కొలువుడు. ఎన్ని లెక్కలు పెట్టునంతసేపు వెలిగినదో, ఎంతసేపటికి ధ్వని వినబడినదో, లేదో, వ్రాసియుంచుడు. ఒకరితో నొకరు మాటలాడుకొనకమునుపే వ్రాయుడు. మాటలాడినపిమ్మట అందఱి జ్ఞాపకములు ఒక్కటియై చెడును. ఆ కాగితమును దగ్గఱి కళాశాలలోని భౌతికశాస్త్రోపాధ్యాయునకు ఇయ్యుడు. మీ మనుమల చేతిఫోనుద్వారా అంతర్జాతీయ ఉల్కాసంస్థకును పంపవచ్చును. అచట సామాన్యుల సాక్ష్యములనే స్వీకరింతురు.

అప్పుడు వీథిలో నిలిచినవారు "మంచికా, చెడుకా?" అని యడిగిన, "అది దారిన పోవు రాయి. మన కెవరికిని అది కబురు తేలేదు. నీవెక్కడ నిలిచి చూచితివి? ఏ దిక్కున చూచితివి?" అని మీరు మఱల ప్రశ్నింపుడు. భయపడినవాడు ఆ ప్రశ్నకు జవాబు వెదకుచు భయమును మఱచును. మీ ఊరిమాట గుడివాడమాటతోను అవనిగడ్డమాటతోను కలిసి ఒక సత్యమును నిలుపును.

సెలవు.